వంతెనకి పైకప్పు ఎందుకు

“వంకరగా దిగుతోంది. తీసి మళ్ళీ కొట్టు,” అంది కృష్ణకుమారి.

తేజేశ్వర్ ఓక్ కర్ర మేకును వెనక్కి తట్టి, మళ్ళీ కొయ్య సుత్తి ఎత్తాడు. ఇనుము అన్నదే లేకుండా, పలకలను జల్లెడలా అల్లి కర్ర మేకులతో బిగించే, అమెరికా పల్లెల్లో కనబడే పైకప్పున్న వంతెన అది. నూట యాభై ఏళ్ళు నిలిచిన పాత వంతెన పోయిన ఏడాది అక్టోబరులో, బయట వాన పడుతుండగానే ఒక్క సాయంత్రంలో బూడిదైంది. పాత కొలతలతోనే కొత్తది కట్టిస్తున్న రిటైర్డ్ ఇంజనీరు కృష్ణకుమారి. మనసు సంగతి ఎవరికీ తెలియదు గానీ, నోరు మాత్రం రంపం.

“అరోరా నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసి, ప్రతి శనివారం నాచేత తిట్లు తినడానికి వస్తావా?”

“పని నేర్చుకుందామనండీ.”

“నేర్చుకున్నది కనబడుతూనే ఉంది. చెప్పు, వంతెనకి పైకప్పు ఎందుకు?”

“కర్ర వానకి తడిసి కుళ్ళిపోకుండా.”

“ఆ ఎండు కర్రే కొంప ముంచింది. ఎవడో తాగుబోతు వెధవ సిగరెట్ పడేసి పోయుంటాడు. షెరీఫ్‌కి దొరకలేదు. నాకు దొరికితే ఈ సుత్తితోనే చెప్తా.”

సుత్తి జారి తేజేశ్వర్ బొటనవేలి మీద పడింది. ఆవిడ చూపు దూరంగా ఆగి ఉన్న కొత్త కారు మీదుంది.

“ఆ కారు నీదేగా? అంత దూరంలో పెట్టావేం?”

“పోయిన దసరాకి కొన్నానండీ. ఇక్కడ దుమ్ము.”

“పూజన్నా సరిగ్గా చేయించావా, అదీ నీ మేకుల్లాగేనా?”

“నేనే చేసుకున్నానండీ.”

“ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నువ్వూ అలాగే, ఫోటోలకే వచ్చావనుకున్నా మొదట్లో.”

మధ్యాహ్నానికి ఆఖరి మేకు దిగింది. పనిచేసిన వాళ్ళందరూ దూలం మీద పేరు చెక్కడం అక్కడి ఆనవాయితీ. ఆవిడ ఉలి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“చెక్కు.”

“నా పేరొద్దండీ.”

కృష్ణకుమారి మొహం జేవురించింది. “మా వంతెన నీ పేరుకి తక్కువైందా? చెక్కకపోతే రేపు ప్రారంభానికి రాకు. ఇక ఎప్పటికీ ఈ వంతెన ఎక్కకు!”

తన చేతులతో కట్టిన వంతెన మీద ఒక్కసారి అటు నుంచి ఇటు నడవాలని తేజేశ్వర్ ప్రాణం కొట్టుకుంటోంది. అయినా ఉలి కింద పెట్టేశాడు.

“మరెందుకొచ్చావు ఇన్నాళ్ళూ? నిజం చెప్పు!”

అతను దూరంగా ఉన్న కారు వైపు చూశాడు.

“ఆ దసరా రోజు వానండీ, బయట కర్పూరం వెలగలేదు.”