మూడు అంకెల చీటీ

గేటు దగ్గర వాచ్‌మన్ సుభానీ ఒక రైతు చేతిలో చీటీ పెట్టటం నరేంద్ర కళ్ళారా చూశాడు.

రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అటూ ఇటూ చూసి లోపలికి పోయాడు.

నరేంద్రకు ఒళ్ళు మండింది.

అసలే మంట మీదున్నాడు. నరసరావుపేటలో ఆ మూడంతస్తుల బట్టల మాల్‌లో మగాళ్ళ ఫ్లోరుకి అతనే మేనేజరు. కింద చీరల దగ్గర ఇసకేస్తే రాలదు. పైన మగాళ్ళ బట్టల దగ్గర ఈగలు తోలుకోవటమే. పెళ్ళాలు చీరలు ఏరుకుంటుంటే మొగుళ్ళు మెట్ల మీద కూర్చుని బీడీలు కాలుస్తారు గానీ, పైకి రమ్మంటే రారు.

నరేంద్ర చెయ్యని పని లేదు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్నాడు. అద్దాలు మార్చాడు. మర్యాదగా మాట్లాడతారని అమ్మకానికి అందరినీ ఆడపిల్లల్నే పెట్టాడు, మెళ్ళో తలా ఒక టేపు వేసి.

ఈమధ్య రోజుకి ఓ పదిమంది వస్తున్నారు. చకచకా కొనుక్కుని పోతున్నారు. అదంతా తన తెలివే అనుకున్నాడు.

ఆ పదిమందీ ఏ మూలకి? ఉగాదికి అమ్మకాలు లేవకపోతే ఫ్లోరూ ఉండదు, నువ్వూ ఉండవని ఓనరు అమరేశ్వరరావు తేల్చి చెప్పాడు. ఇంట్లో చూస్తే భార్య మహాలక్ష్మికి ఏడో నెల.

ఇప్పుడీ చీటీలొకటి.

సుభానీ అప్పటికే ఇంకోటి రాస్తున్నాడు. నరేంద్ర లాక్కుని చూశాడు. 42, 36, 40.

క్రికెట్ సీజను. పేటలో బెట్టింగులెట్లా నడుస్తాయో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఇంక అడగాల్సిందేముంది?

"నా గేటు దగ్గరే బెట్టింగ్ పెట్టావా?"

ముసలాయన బిత్తరపోయాడు. "కాదు సార్... వాళ్ళు పైన ఆడపిల్లల దగ్గర సిగ్గుతో..."

"నోరు ముయ్. పోలీసుల్ని పిలవలేదని సంతోషించు."

మెట్ల మీద జనమంతా చూస్తుండగానే టోపీ, ఈల తీసేయించి పనిలోంచి పీకేశాడు.  సుభానీ తలొంచుకుని రోడ్డు దాటిపోయాడు.

పైకెళ్ళి ఆ పిల్లల్ని ఒక్క మాట అడిగితే తెలిసేది. అడిగితే మేనేజరెట్లా అవుతాడు?

మర్నాటి నుంచి ఆ పదిమందీ రాలేదు.

ఉగాది వచ్చింది, పోయింది. మగాళ్ళ ఫ్లోరు మూసేశారు. ఆఖరి రోజు నరేంద్ర సంచీ సర్దుకుని మెట్లు దిగుతుంటే, ముప్పాళ్ళ నుంచి వచ్చిన పిచ్చయ్య అనే రైతు గేటు దగ్గర ఎవరికోసమో వెతుకుతున్నాడు.

"సుభానీ ఏడి బాబూ? మా తమ్ముడి కొడుకు పెళ్ళి. నాకో జత కావాల."

జతకి వాచ్‌మన్ ఎందుకని నరేంద్ర విసుక్కున్నాడు.

పిచ్చయ్య నవ్వాడు. పైకి పోతే ఆ పిల్లలు టేపు పట్టుకుని మీదికొస్తారంట. మనవరాలి ఈడు పిల్ల నడుం చుట్టూ టేపు తిప్పుతుంటే చచ్చే సిగ్గంట. అందుకే ఊళ్ళవాళ్ళెవరూ మెట్లెక్కేవాళ్ళు కాదంట. సుభానీ అయితే మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, ఛాతీ, నడుం, కాలి పొడవు చీటీ మీద రాసిచ్చేవాడంట. అది పిల్లల చేతిలో పెడితే, మారు మాట లేకుండా బట్టలు కట్టిచ్చేవాళ్ళంట.

 నరేంద్రకు అప్పుడర్థమైంది, ఆ పదిమందీ తన తెలివికి వచ్చినవాళ్ళు కాదని. తన నోటి కూడు తనే నేలపాలు చేసుకున్నాడు.

 పోయి సుభానీ కాళ్ళు పట్టుకుందామంటే, ఆయన ఇల్లెక్కడో కూడా తెలియదు. ఏడాది పాటు రోజూ నమస్తే పెట్టిన మనిషిని ఏ ఊరని అడిగిన పాపాన పోలేదు.

"చూస్తేనే కొలతలెట్లా తెలుస్తాయి, పెద్దాయనా?" అన్నాడు చివరికి.

పిచ్చయ్య అతన్ని వింతగా చూశాడు.

"నీకు తెలవదా ఏంది? ముప్పై ఏళ్ళు మా మగాళ్ళందరికీ బట్టలు కుట్టిన టైలరాయన. ఈ మాల్ కట్టటానికి మీరు పడగొట్టించింది ఆయన కొట్టే."