గంజి గిన్నె

"ఇంకో ముక్క ఎయ్యి వదినా. మెస్సు కూడు తినలేక సచ్చిపోతన్నాను," అని ఆదిబాబు కంచం ముందుకు తోశాడు.

జోగమ్మ చేపముక్క వేసింది. గోల్‌మురి ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆదిబాబు కాపురానికీ, తమ కాపురానికీ మధ్య ఒకటే గోడ. పోయిన వారమే కులపెద్దలు ఆదిబాబుకీ, అతని పెళ్లాం నూకమ్మకీ తెగతెంపులు చేశారు.

"నీ పెనిమిటి సాక్ష్యం సెప్పబట్టి గాని, నేకపోతే అది నన్ను ఒదిలేది కాదు."

జోగమ్మ పక్కనే తింటున్న మొగుడి వైపు తిరిగింది. "ఏటి సెప్పినావు?"

"ఉన్నదే సెప్పినాను," అన్నాడు అసిరయ్య వేళ్లు నాకుతూ. "ఈడు నైట్ డ్యూటీలో ఉంటే, ఒక మగోడు ఆలింట్లోకెల్లి రావడం నిజమే అన్నాను."

"ఎప్పుడు?"

"నూకమ్మకి జొరం వచ్చినప్పుడు."

జోగమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ రోజు నూకమ్మకి గంజి కాచి పంపింది తనే. గిన్నె పట్టుకెళ్లింది అసిరయ్యే.

"ఆ మగోడివి నువ్వే గదా."

"ఎవడని పెద్దలు అడిగినారు. సీకట్లో మొకం ఆనలేదన్నాను."

"మరి నూకమ్మ?"

ఆదిబాబు ముల్లు ఉమ్మి నవ్వాడు. "నోరిప్పనేదు. పేరు సెప్తే నీ కాపురం కూలిపోద్దని దాని బాధ."

జోగమ్మ గరిటె కింద పెట్టింది. తినేవాళ్ల ముందు నుంచి రెండు కంచాలూ లాగి వాకిట్లో కుక్క ముందు పడేసింది. అటక మీది గంజి గిన్నె తీసి చంకన పెట్టుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు అసిరయ్య.

"పెద్దల కాడికి. ఈ కాపురం కోసం నూకమ్మ నోరు మూసుకుంది. నాను మూసుకోను."