కిటికీ పక్క కంప్యూటర్

"ప్రాసెసర్ పాతది. దీనికి కొత్త విండోస్ ఎక్కదు" అన్నాడు మెకానిక్, తిరుమల కంప్యూటర్ మూత బిగిస్తూ.

"మరి గిదాంట్లె ఎన్ని రోజులు చెయ్యాలె?" అంది తిరుమల.

"నడిచినన్ని రోజులు."

సలాబత్‌పురాలోని ఆ చీరల డిజైన్ ఆఫీసులో అందరికంటే పాత మనిషి తిరుమల. ఆమె గీసిన అంచులకు, నెమళ్ల కొంగులకు మంచి పేరు. ఇప్పుడేమో డిజైన్ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. అది కొత్త విండోస్ మీద తప్ప నడవదట.

కొన్నాళ్లకే కిటికీ పక్కన కొత్త కంప్యూటర్ వెలిసింది.

తిరుమల గుండె గంతులేసింది.

కానీ దాని ముందు ఎవరో నెరిసిన గడ్డమాయన కూర్చుని ఉన్నాడు.

"ఎవరే ఆయన?" పక్క సీటు కోమలిని అడిగింది.

"పేరు బ్రహ్మచారి అంట. సేట్ తెచ్చి కూసోబెట్టిండు."

"ఎందుకంట?"

"ఏమో. సేట్ ఎవ్వలకేం చెప్పకుండ కలకత్తా రైలెక్కిండు."

తిరుమల ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ చేతులు కాయలు కాసేలా గీసింది తను. కొత్త మిషన్ మాత్రం నిన్నగాక మొన్న వచ్చినవాడికి!

ఆయన తెర మీద రంగులు నీళ్లలా పారుతున్నాయి. తన తెర మీద ఒక్క నెమలి తెరుచుకునేలోపు వెళ్లి టీ తాగి రావచ్చు.

"అమ్మా, జర గిటొచ్చి కూసుంటవా?" అన్నాడాయన, కుర్చీ జరుపుతూ.

"నాకు పనుంది. నీకున్నట్టు కొత్త మిషన్ లేదు నాకు."

ఆయన చిన్నబోయాడు.

ఇంటికెళ్లినా ఆమెకు ముద్ద దిగలేదు.

"ఏమైందే?" అన్నాడు భర్త అంబదాస్.

"నా కుర్చీల ఎవడో కూసున్నడు."

మర్నాడు మధ్యాహ్నం తిని వచ్చేసరికి బ్రహ్మచారి ఆమె కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టి ఏదో ఎక్కించుకుంటున్నాడు.

తొంగి చూసింది. అన్నీ తన డిజైన్లే.

"దొంగ! మిషన్ గుంజుకున్నది చాలదా? నా డిజైన్లు గుడ కావాల్నా?"

"గట్ల కాదమ్మా, సేట్ చెప్పిండని..."

"సేట్ ఊర్ల లేడని చూసి చేస్తున్నవ్! నాకు తెల్వదా?"

ఆఫీసంతా లేచి నిలబడింది. కోమలి చెయ్యి పట్టి ఆపబోయింది. తిరుమల విదిలించుకుంది.

బ్రహ్మచారి పెన్‌డ్రైవ్ తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. సంచి భుజానికి తగిలించుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగిపోయాడు.

తిరుమల వెళ్లి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఎన్నాళ్లకో హాయిగా ఊపిరి తీసుకుంది.

సోమలింగం సేట్ ఊరినుంచి వస్తూనే అడిగాడు.

"బ్రహ్మచారి ఏడి?"

"ఎల్లగొట్టిన సేట్. నా డిజైన్లు ఎత్తుకపోతుండె."

సేట్ తల పట్టుకున్నాడు.

"నీ డిజైన్లు కొత్త మిషన్ల ఎక్కియ్యమని నేనే చెప్పిన గదనే! ఆ మిషన్ కొన్నదే నీకోసం."

తిరుమల కిటికీ పక్క కుర్చీలోంచి లేచింది.

సేట్ ఫోన్ కలిపాడు. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు.

"రాడంట. ఊరికి పోయిండంట."

"ఎవరు సేట్ ఆయన?" అడిగింది తిరుమల.

"పాత మిషన్‌తోపాటు నిన్ను గుడ తీసేసి కొత్త పిల్లను పెట్టుకుంటనని నేనంటే, నీ పని చూసి, 'ఈమెనే ఉంచు, కొత్త సాఫ్ట్‌వేర్ నేను నేర్పిస్త' అని నాతోని కొట్లాడినాయన."