బియ్యం దొంగ

హిడ్మే కొంగుముడిలో తెల్లబియ్యం దొరికాయి.

పట్టుకున్నది కోంటా షావుకారు పుల్లయ్య.

శబరి మీద నావల్లో రాజమండ్రి నుంచి వచ్చే మిల్లు బియ్యం అవి. మల్లెపూలలా ఉంటాయి. బస్తరు రాజ్యంలో ఆ బువ్వ తినే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులోనూ ఇవి బాలింత కోసం విడిగా తీసిపెట్టినవి.

బాలింత పుల్లయ్య కోడలు కమలాకుమారి. అంతకుముందు ఇద్దరు బిడ్డల్ని మూడో నెలలోనే పోగొట్టుకుంది. ఇద్దరిదీ ఒకటే తీరు. ముందు గొంతు పోయింది. నోరు తెరిచి ఏడ్చేవాళ్ళు, చప్పుడు వచ్చేది కాదు. ఆ తర్వాత ఆయాసం, వాపు, అంతే.

ఇప్పుడు ఒళ్ళో ఉన్నది మూడోది, ఆడపిల్ల.

అందుకే అత్త వరమ్మ ఈసారి పథ్యం ఇంకా గట్టిగా పట్టింది. కూరా నారా ఏమీ లేదు. నాలుగు నీళ్ళు కడిగి గంజి వార్చిన తెల్లన్నం, ఇంత వెల్లుల్లి కారం.

హిడ్మే ఎక్కడిదో ఎవరికీ తెలీదు. రెండు నెలల కింద సంతలో ఎదురుపడి, బియ్యం చెరిగే పని అడిగింది. ఎడమ చెవి తమ్మె తెగిన దోర్ల తెగ మనిషి. కూలికి వడ్లే కొలిపించుకునేది. వచ్చిన మూడో రోజే పిల్ల ఏడుపు విని, గొంతు పోతోందని గొణిగింది. నీ నోట్లో శని ఉందే అని వరమ్మ కసిరింది. వారం తిరక్కుండానే పిల్ల గొంతు బాగుపడింది. అంతా తన పథ్యం మహిమేనని వరమ్మ ఊరంతా చెప్పుకుంది.

పుల్లయ్య ఆమె చెరుగుతున్న చేటలో చెయ్యిపెట్టి చూశాడు. ముతక ఎర్రబియ్యం! తవుడు కూడా సరిగా పోలేదు. మంచివి తన కొంగుకీ, ముతకవి బాలింతకీనా?

వరమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఎర్రవి వండుతూ కూడా తెలుసుకోలేదు పాపం. కమల కళ్ళకేమైంది? ఆమెకు మొదటి రోజే తెలుసు. ఆ బువ్వ కమ్మగా ఉండేది, ఆకలి తీరేది. చెబితే అత్త తిననివ్వదని నోరు మూసుకుంది. ఇప్పుడూ మూసుకునే ఉంది.

"ఏంది ఇది?" అన్నాడు పుల్లయ్య.

హిడ్మే ముడి విప్పి బియ్యం చేటలో పోసింది.

"నన్ను ఎల్లగొట్టు సావుకారీ. బాలింతకు మాత్రం ఈ తెల్లబువ్వ పెట్టకు. నేనూ ఓ సావుకారింట్ల పనికుండి ఇదే తింటి, నా బిడ్డ గూడ గొంతు లేకుండనే పోయింది."

వినేదెవరు? దొంగ మాటలని తిట్టి తరిమారు.

మళ్ళీ తెల్లన్నం మొదలైంది. పదకొండో రోజు పిల్ల నోరు తెరిచి ఏడ్చింది. చప్పుడు రాలేదు.

అప్పుడు విప్పింది కమల నోరు.

"అత్తమ్మా, రెండు నెలలు నేను ఎర్రబువ్వే తిన్న. అది తిన్నన్ని దినాలు పిల్ల గొంతు మంచిగుంది. నా కాళ్ళ తిమ్మిరి గూడ పోయింది. ఆమె దొంగ కాదు. చెప్పకపోవుడు నా తప్పే."

వరమ్మ తానే రోకలి పట్టి వడ్లు పైపైన దంచింది. ఎర్రబియ్యం వండి, గంజి వార్చకుండా పెట్టింది. తవుడు కూడా జావ కాచి తాగించింది.

వారం తిరిగేసరికి పిల్ల ఏడ్చింది చూడండీ, రేవులో నావవాళ్ళు తలెత్తి చూసేంత ఏడుపు! ఏడు తల్లీ ఏడు అంటూ వరమ్మ నవ్వింది. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ పిల్లను ఊరుకోబెట్టలేదు.

పుల్లయ్య హిడ్మేను వెతకబోయాడు. రేవులో పడవ నడిపే హుంగా చెప్పాడు, ఆమె రోజూ ఆ తెల్లబియ్యం చేపలకు చల్లేదట. కూలికొచ్చిన వడ్లు దంచుకుని మళ్ళీ షావుకారు ఇంటికే తీసుకెళ్ళేదట. పుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. గొల్లపల్లి వెళ్ళాడు, పామేడు దాకా మనిషిని పంపాడు. ఆమె జాడ లేదు.

దసరాకు జగదల్‌పూర్ వెళ్తే షావుకార్ల బసలో భోపాలపట్నం శ్రీరంగం కలిశాడు. భుజం మీద మూడేళ్ళ కొడుకు జిలేబీ కోసం గొంతు చించుకుంటున్నాడు.

"బియ్యం చెరిగేటోళ్ళను జూసి పెట్టుకో బావా," అన్నాడు శ్రీరంగం. "మూడేండ్ల కింద మా ఇంట్ల ఒకామె బియ్యం మారుస్తా దొరికింది. బుధ్రి అని. ఎడమ చెవి తెగి ఉంటది."

పుల్లయ్య పిల్లవాడి వైపు చూశాడు.

"వీడు ఎన్నోవాడు?"

"మూడోవాడు. ముందు ఇద్దరూ దక్కలే."

పుల్లయ్యకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సరుకు మాట మరిచి, బియ్యం దొంగ ఇంకా ఎవరింట్లో పడిందని ఉన్న బసలన్నీ తిరిగి అడిగాడు.

ఉసూర్‌లో ఒకరింట పడిందన్నారు, బీజాపూర్‌లో ఇంకొకరింట అన్నారు. ఒక్కోచోట ఒక్కో పేరు, తెగిన చెవి మాత్రం అదే. ఆమె దొంగ అనిపించుకుని గడప దిగిన ప్రతి ఇంట్లోనూ, గొంతెత్తి ఏడ్చే బిడ్డ ఒకటి ఉంది.