పలక పెద్దాయన

పక్కమంచం డ్రైవరు ఫోను బయటికి తీశాడంటే చాలు, పెద్దాయనకు ఒళ్లు మండుతుంది.

వార్డులో అందరూ ఆయన్ని పలక పెద్దాయన అంటారు. గొంతులో రాచపుండు. మెడకు చిల్లు పెట్టి, ఆ చిల్లులో గొట్టం దూర్చారు. ఊపిరి అందులోంచే. నోట మాట లేదు. ఏం చెప్పాలన్నా చిన్నపిల్లల పలక మీద బలపంతో రాయాలి. రాసేవైనా మంచి మాటలా అంటే, అదీ లేదు.

ఫోనులోంచి ఖంగుమని గొంతు మొదలైంది. "ప్రియులారా, శ్రమల్లో ఓర్చుకోండి. దేవుణ్ణి నమ్మండి. ఆయన సమయం కోసం కనిపెట్టుకుని ఉండండి..."

"కాస్త వినండి పెద్దాయనా," అన్నాడు డ్రైవరు. లారీ బోల్తాపడి అతని కాలు నుజ్జయింది. అయిదు నెలల్లో మూడు ఆపరేషన్లయ్యాయి. నాలుగోది ఇవాళే. "ఈ అయ్యగారి మొహం నేనెన్నడూ చూళ్లేదు. ఎవరో ఫోన్లో పంపారు. నన్ను నిలబెట్టింది మాత్రం ఈ గొంతే."

నిలబెట్టిందట. మంచం దిగలేని మనిషి అంటున్న మాట ఇది.

పలక మీద బలపం కీచుమంది. "ఊకదంపుడు. వాడికేం, కడుపులో చల్ల కదలకుండా కూర్చుని చెబుతాడు."

"అలా అనకండి. ఆయనెన్ని కష్టాలు పడ్డారో ఏమో. పడకపోతే అంత బాగా ఎలా చెబుతారు?"

"జలుబైనా చేసి ఉండదు."

డ్రైవరు చదివి నవ్వాడు. పెద్దాయనకు అదే మరీ మంట. ఎంత ఎగతాళి చేసినా ఈ మనిషికి కోపం రాదేం? ఓర్పట, ఓర్పు. పెద్దాయన మళ్లీ పలక అందుకున్నాడు. "చూడు, ఇప్పుడు గొంతు వణికిస్తాడు. తర్వాత నీళ్లు తాగుతాడు."

అన్నట్టే ఫోనులో గొంతు వణికింది. వెంటనే గుటక కూడా వినిపించింది.

"భలే కనిపెట్టారే," అన్నాడు డ్రైవరు.

"ఈ జాతంతా ఇంతే."

"ఇంతకీ తమరేం పని చేసేవారు?"

"మాటలు అమ్ముకునేవాణ్ణి."

"ప్లీడరా?"

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదింటికి కూతురు వచ్చింది. చేతిలో నాలుగు రోజులుగా తిప్పుతున్న కాగితమే. పెద్ద డాక్టరు తేల్చి చెప్పేశాడు. స్వరపేటిక తీసేస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక జన్మలో రాదు. తీయకపోతే మూడు నెలలు. సాయంత్రంలోగా సంతకం పెట్టాలి.

"నీ కాళ్లు పట్టుకుంటాను నాన్నా. పెట్టు."

"మాట లేకుండా బతికి ఏం చెయ్యను? కొయ్యబొమ్మలా కూర్చోనా?"

డ్రైవరు ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, మీ నాన్నగారికి దేవుడంటే గిట్టదనుకుంటా. అయినా ఒక్కసారి ఇది వినిపించండి. ఈ గొంతు వింటే ఎలాంటివారికైనా ధైర్యం వస్తుంది," అని ఫోను గట్టిగా పెట్టాడు.

కూతురు ఉలిక్కిపడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కాస్త తగ్గించన్నా," అని, కాగితం తండ్రి తలగడ కింద దోపి, గబగబా బయటికి వెళ్లిపోయింది.

"చూశారా, రెండు మాటలకే ఎలా కదిలిపోయిందో," అన్నాడు డ్రైవరు మెచ్చుకోలుగా.

పెద్దాయన చేతిలో బలపం రెండు ముక్కలై ఉంది.

మధ్యాహ్నం డ్రైవరు కోసం స్ట్రెచర్ వచ్చింది. కాలు ఉంచుతారో తీసేస్తారో కోసి చూస్తే గాని చెప్పలేమన్నారు. అయిదు నెలల్లో మొదటిసారి అతని మొహంలో భయం కనిపించింది.

"రెండు నిమిషాలు ఆగమ్మా," అని నర్సును బతిమాలాడు. "ఇంజక్షను మత్తుకి రోజూ మధ్యలోనే నిద్రపోతాను. ఈ ప్రసంగం చివర ఏం చెప్పారో ఇంతవరకూ వినలేదు. ఇవాళైనా విననివ్వండి."

సరేనంది నర్సు. ఫోనులో గొంతు అందుకుంది. "మీ చేతిలో ఉన్నదాన్ని దేవుడు తీసేసుకున్నాడా? ఏడవండి, తప్పులేదు. కానీ ఆ ఖాళీ చేతిని..."

అక్కడితో ఆగిపోయింది. పొద్దుట్నుంచి వాగి వాగి చార్జింగు అయిపోయింది.

"ఇక పదండి, టైమైపోయింది," అన్నారు స్ట్రెచర్ తెచ్చినవాళ్లు.

"సర్లెండి. నాకింతే ప్రాప్తం," అన్నాడు డ్రైవరు. నల్లబడిన ఫోనును మాత్రం వదల్లేదు.

పీడా విరగడైంది, అనుకున్నాడు పెద్దాయన. అనుకున్నాడే గాని, మరుక్షణం లేచి కూర్చుని పలకతో మంచం కమ్మీని ఠంగున కొట్టాడు. అందరూ ఆగారు. విరిగిన బలపం ముక్కతో, తడుముకోకుండా, రెండు వరుసలు రాసి చూపించాడు.

డ్రైవరు కూడబలుక్కుని చదివాడు. "ఆ ఖాళీ చేతిని వెనక్కి లాక్కోకండి. ఆయన పట్టుకుందామని చూస్తున్నది దాన్నే."

అతని మొహం తేటపడింది. ఫోను పక్కన పెట్టేశాడు. "చివర ఇదా! మీకెలా తెలుసు పెద్దాయనా? మీరూ విన్నారా?"

పెద్దాయన పలక తనవైపు తిప్పుకుని, రాసినదాన్ని తానే ఒకసారి చదువుకున్నాడు. తలగడ కింద నలిగిన కాగితం లాగాడు. సంతకం గీకి నర్సు చేతిలో పెట్టాడు.

తర్వాత పలకను అరచేత్తో తుడిచి, ఒకే ఒక్క వరుస రాసి డ్రైవరు కళ్లెదుట పట్టుకున్నాడు: "ఆ మాటలు చెప్పిన రోజున నాకు జలుబు కూడా లేదు."