మట్టిబుర్రకి ఎన్ని లాప్‌టాప్‌లు?

మట్టిబుర్ర మళ్లీ వచ్చాడు.

హెడ్మాస్టారు కాఫీ కప్పు పక్కన పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు.

హెడ్మాస్టారంటే బడిలో కాదు. లైబ్రరీల కోసం కొందరు కలిసి ఉచితంగా తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని గురించి ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే గ్రూపుకి అతను పెద్ద. వెతికాకే అడగాలి, అడిగిందే అడగకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అని రూల్సు రాసి పైన అంటించాడు కాబట్టి జనం పెట్టిన పేరది. ఆ పేరంటే అతనికి లోలోపల బోలెడంత మురిపెం.

మట్టిబుర్ర మాత్రం తన పేరు తనే పెట్టుకున్నాడు.

"ప్రోగ్రాం ఎక్కించబోతే స్క్రీన్ నల్లగా అయిపోయిందండీ. నేనేమైనా పాడుచేశానా?"

ఇదీ ఇవాళ్టి ప్రశ్న.

"ఏ లాప్‌టాప్?" అని టైప్ చేశాడు హెడ్మాస్టారు.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"మా అన్నయ్య వాడేసి పక్కన పడేసిన పాతదండీ."

హెడ్మాస్టారికి ఒళ్లు మండింది.

"మొన్న కొత్తది కొన్నానన్నారు. నిన్న ఆఫీసుదన్నారు. ఇవాళ అన్నయ్యదా? మీకెన్ని లాప్‌టాప్‌లు స్వామీ?"

గ్రూపంతా నవ్వుల బొమ్మలే.

"ఏమిటోయ్ అంత కోపం?" అంది పక్క సీట్లోంచి సీనియర్ మేడమ్.

ఆఫీసులో చేరిన రోజు నుంచీ ఆవిడది అతని పక్క సీటే. పని నేర్పిందీ, ఈ గ్రూపు చూపించిందీ ఆవిడే. నెలాఖరుకి రిటైరవుతోంది.

"ఒకడున్నాడు మేడమ్. పూటకో అబద్ధం చెప్పి మా ప్రాణాలు తోడేస్తున్నాడు. ఇవాళ తీసిపారేస్తా."

"అడిగింది ప్రశ్నే కదా. జవాబు చెబితే పోయేదిగా?"

"మీది మరీ మెత్తటి మనసు. ఒకడికి అలుసిస్తే పదిమంది తయారవుతారు."

"పదిమంది వస్తే మంచిదే కదయ్యా?"

అతను నవ్వేసి మీట నొక్కాడు. మట్టిబుర్ర పేరు గ్రూపులోంచి మాయమైంది.

"సరే, అక్కడ పెద్దవాడివి నువ్వే" అంటూ ఆవిడ తన లాప్‌టాప్ మూసి భోజనానికి లేచింది.

ఆ తర్వాత గ్రూపు అద్దంలా తయారైంది. చచ్చు ప్రశ్నలు లేవు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతోనే మాట్లాడుకున్నారు. "పెద్దరికం అంటే మీదే మాస్టారూ!" అని పొగిడినవాళ్లకి లెక్కలేదు. కొత్తగా ఎవరూ నోరు విప్పడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మేడమ్ రిటైరైంది. వీడ్కోలు సభలో అతను ఆవిడ మంచితనం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ సీటు ఖాళీ అయింది.

ఆ ఆదివారం చెల్లెలింటికి వెళ్తే, తనిచ్చిన పాత లాప్‌టాప్ అలమారా మీద దుమ్ము కొట్టుకుని కనిపించింది.

"ఏమే, ఆ లైబ్రరీ ఉద్యోగం ఏమైంది? సాఫ్ట్‌వేర్ ఎక్కించి చూపించమన్నారుగా?"

"రానని చెప్పేశాను అన్నయ్యా."

"అదేమిటి! పాప బడికెళ్లేదాకా ఆగి మరీ పట్టుకున్న ఉద్యోగం కదే!"

"స్క్రీన్ నల్లగా అయిపోయింది. నావల్ల కాలేదు."

ఆ మాటలు అతనికి కొత్తవి కావు.

"నన్నడగొచ్చుగా?"

"నిన్నడిగితే ముందు వెతుక్కోమంటావు."

"మరి ఆ సాఫ్ట్‌వేర్ గ్రూపులో?"

"బాబోయ్! అక్కడ హెడ్మాస్టారని ఒకడున్నాడు. వాడి ముందు నోరెత్తడం నావల్ల కాదు."

ఆ హెడ్మాస్టారు తనేనని చెల్లెలికి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పే ధైర్యం లేదు.

"అన్నీ తెలిసినవారు ఒకరుండేవారు అన్నయ్యా" అంది చెల్లెలు. "కొత్తవాళ్లు చేరగానే విడిగా పలకరించేవారు. మీ డౌటు నాకు చెప్పండి, నా పేరు మీద అడుగుతా, తిట్లు నేను తింటా అనేవారు. ఎంతమంది కోసం అడిగారో! చివరిసారి అడిగింది నా ప్రశ్నే. ఇన్ని లాప్‌టాప్‌లు ఎక్కడివని నలుగురిలో నవ్వులపాలు చేసి, ఆ హెడ్మాస్టారు తీసేశాడు. గ్రూపులో లేనివాళ్లకి విడిగా రాయడమూ కుదరదు కదా, ఇక వారికి నాకు రాసే దారే లేకపోయింది."

"మట్టిబుర్ర..."

"నీకెలా తెలుసు?"

అతను ఆ ప్రశ్న దాటేశాడు.

"అంత తెలిసిన మనిషైతే నీకే జవాబు చెప్పేయొచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. అందరి ముందూ అడిగితే జవాబు అక్కడే ఉంటుంది, నీ వెనక వచ్చేవాళ్లు భయపడక్కర్లేదు అన్నారు."

"ఎవరి కోసమో ఇన్ని తిట్లు తినడం ఎందుకట?"

చెల్లెలు నవ్వింది. ఎంతో ఇష్టమైనవాళ్లను తలుచుకున్న నవ్వు అది.

"ఎప్పుడో వాళ్లాఫీసులో కొత్తగా చేరిన ఒకబ్బాయి ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ముఖ్యమైనది తుడిచేశాడట. ఎవరినీ అడగలేక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాడట. వాడి ప్రశ్న అడగడానికే మట్టిబుర్ర అని పేరు పెట్టుకుని ఆ గ్రూపులో చేరారట. ఇప్పుడు వాడు నాకంటే పెద్దవాడయ్యాడమ్మా అని ఎంత మురిసిపోయేవారో!"

హెడ్మాస్టారు అలమారా మీది లాప్‌టాప్ దింపి చేత్తో దుమ్ము తుడిచాడు.

ఆ రోజు మెట్ల మీద తను ఏడవడం చూసింది లోకంలో ఒక్కరే, పక్క సీటు మేడమ్.