శ్రావణం దాకా

సత్యప్రసాద్ మేడ మెట్లెక్కి తలుపు కొట్టాడు.

అద్దెకుంటున్న సూర్యకళ తలుపు తీసింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె ఏడుస్తోంది.

"రేపు ఇల్లు ఖాళీ చేసేయండి."

"ఏమైందండి?"

"మీరు వైజాగ్ నుంచి పాలకొల్లు వచ్చి ఏడాది. మా వీధిలో రెండు జంటలు విడాకులకి కోర్టుకెక్కాయి. ఆ ఇద్దరాడవాళ్ళూ ఈ మెట్లెక్కినవాళ్ళే."

"ఎక్కేటప్పటికే వాళ్ళ కాపురాలు విరిగిపోయాయండి."

"మీ ఫెమినిజం వైజాగ్‌లో చెప్పుకోండి. ఇక్కడ సంసారాలు చేసుకునేవాళ్ళున్నారు."

సూర్యకళ గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.

"ఇది ఆషాఢం కదండి. శ్రావణం రానివ్వండి, వెళ్ళిపోతాను."

"ఆషాఢంలో ఇల్లు మారకపోవడం మా పట్టింపు. మీలాంటివాళ్ళకి ఏంటండి?"

"మీతో ఒక మాట చెప్పాలి. వీళ్ళ ముందు కాదు."

"సామాన్లు దించాక చెప్పండి."

కింద అతని ఇత్తడి సామాన్ల కొట్టు. ఎదుటి కొట్టు వెంకటసుబ్బారావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చెప్పేశావా?"

"చెప్పేశానండి."

"మంచి పని చేశావు. మీ ఆవిడ కూడా పైకెళ్ళడం నేను చూశాను."

అతను ముందే ఆ మాట చెప్పబట్టే సత్యప్రసాద్ మెట్లెక్కాడు. కొట్లో కూర్చుంటానని భార్య లక్ష్మీప్రసన్న చాలాసార్లు అడిగింది. వాళ్ళింట్లో ఆడవాళ్ళు కొట్లో కూర్చోరు. ఈమధ్య ఆమె అడగడం మానేసింది. అతనికి అది నచ్చింది. తర్వాత భయం వేసింది.

మర్నాడు సామాన్లు ఆటోలోకి ఎక్కాయి. సూర్యకళ తాళం చెవి తెచ్చి లక్ష్మీప్రసన్న చేతిలో పెట్టింది.

"మాట చెప్పాలన్నారుగా?" అన్నాడు సత్యప్రసాద్.

"ఇప్పుడు వింటారా?"

"బేరాలున్నాయండి."

ఆటో కదిలింది.

"పాలు ఎక్కడ పొంగిస్తుందో మరి!" అని నవ్వాడు వెంకటసుబ్బారావు.

మధ్యాహ్నం సత్యప్రసాద్ కడుపునిండా తిన్నాడు. లక్ష్మీప్రసన్న కంచం తీసేసి, లోపలి నుంచి బ్యాగు తెచ్చింది.

"ఎక్కడికి?"

"తణుకు. అన్నయ్య వస్తున్నాడు. లాయరు గారు కాగితాలు పంపుతారు."

అతనికి ముందు అర్థం కాలేదు.

"కొట్లో కూర్చోవడం గురించేనా? రేపట్నుంచి కూర్చో."

"కొట్టు గురించి కాదండి. అడిగినప్పుడల్లా మీరు టీవీ సౌండు పెంచారు."

"లాయరు దాకా ఎప్పుడెళ్ళావు?"

"ఉగాదికి ముందు."

"ఆవిడేగా నేర్పింది! ఉండు, ఆవిడ సంగతి చెప్తాను."

ఫోన్ తీసి సూర్యకళ నంబరు కొట్టాడు. స్విచాఫ్. మళ్ళీ కొట్టాడు. ఆటో ఎటు వెళ్ళిందో అడుగుదామని వీధిలోకి వచ్చాడు. వెంకటసుబ్బారావు చూడలేదన్నాడు. ఎవరూ చూడలేదు.

వీధి చివర ఆమె అన్నయ్య కారు ఆగింది.

లక్ష్మీప్రసన్న చెప్పులేసుకుంది. మేడ గది తాళం చెవి అతని చేతిలో పెట్టింది.

"శ్రావణం దాకా ఆగు, ఈలోగా మీ ఆయనతో నేను మాట్లాడతాను అని నన్ను ఇన్నాళ్ళూ ఆపింది ఆవిడేనండి."